గోడకంటించిన పాఠం



మొన్నొక సాయంత్రం మా పక్కింటి అమ్మాయి పుస్తకం పట్టుకొని మా వసారాలో వచ్చి కూర్చుంది. బి.ఎస్సీ. లెక్కలు చదువుతోంది. ముఖం చూస్తే పరీక్ష తప్పినదానిలా వుంది. "ఏమ్మా, అలా వున్నావు?" అన్నాను. "రియల్ అనాలిసిస్ పిన్నిగారూ! ఇన్నాళ్ళూ లెక్క చేస్తే జవాబు వచ్చేది, మార్కులు పడేవి. ఇందులో జవాబు వాళ్ళే ఇచ్చేస్తారు. అది ఎందుకు నిజమో రుజువు చెయ్యమంటారు. చూస్తూనే తెలిసిపోయేదానికి మళ్ళీ రుజువెందుకండీ?" అంది.

నేను చదివింది మెట్రిక్ దాకానే. జవాబు చటుక్కున తోచలేదు. కాని ఒక కథ మాత్రం జ్ఞాపకం వచ్చింది. కట్టుకథ కాదు, జరిగినదే. ఈ చదువు కోసమే ఊళ్ళు పట్టుకు తిరిగి, క్లాసు గుమ్మం తొక్కనివ్వకపోయినా పూర్తిగా నేర్చుకొన్న ఒక ఇల్లాలి కథ. ఆమె పేరు సోఫియా కొవలెవ్‌స్కయా. ఇంట్లో ముద్దుగా సోన్యా అనేవారు.

సోన్యా 1850లో మాస్కోలో పుట్టింది. తండ్రి రష్యా సైన్యంలో జనరల్. ఆయన ఉద్యోగం విరమించాక కుటుంబమంతా పాలిబినో అనే పల్లెలో వున్న తమ ఎస్టేటుకి వచ్చేశారు. ఇల్లు బాగుచేయిస్తూ గోడలకి అంటించే రంగుకాగితం పీటర్స్‌బర్గ్ నుంచి తెప్పించారు. తీరా చూస్తే పిల్లల గదికి కాగితం చాలలేదు. ఒక్క గది కోసం మళ్ళీ అంత దూరం ఎవరు మనిషిని పంపుతారు? అటకమీద వెతికితే పాతకాగితాల కట్ట దొరికింది. జనరల్‌గారు కుర్రతనంలో చదువుకొన్న పాఠాలు అవి, ఆస్ట్రోగ్రాడ్‌స్కీ అనే పెద్ద గణితవేత్త చెప్పిన కేలిక్యులస్ ఉపన్యాసాలు. వాటినే గోడకి అంటించేశారు. మన ఇళ్ళల్లో అల్మరా అరల్లో పాత పేపర్లు పరుచుకోమూ, అలాగే!

ఆ పసిపిల్ల గంటల తరబడి ఆ గోడ ముందు నిలబడేదట. అర్థం కాని గుర్తులు, విడివిడి వాక్యాలు. ఏ కాగితం తరవాత ఏది రావాలో వెతుక్కొనేదట. పదిహేనేళ్ళ వయసులో పీటర్స్‌బర్గ్‌లో ఒక ఉపాధ్యాయుడి దగ్గర ఆ పాఠం మొదలుపెట్టగానే, అదంతా ముందే తెలిసినట్టు చప్పున పట్టుకొందట. ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఈ సంగతి ఆమే తన బాల్యజ్ఞాపకాల్లో వ్రాసుకొంది.

ఇంకొక ముచ్చట వినండి. పొరుగున వుండే తీర్తోవ్ అనే ప్రొఫెసర్‌గారు తాను వ్రాసిన భౌతికశాస్త్ర పుస్తకం ఒకటి వాళ్ళ ఇంట్లో ఇచ్చారు. అందులో 'సైన్' అన్నమాట వచ్చింది. సోన్యాకి త్రికోణమితి ఎవరూ నేర్పలేదు. తనంతట తనే ఆలోచించి, అదేమిటో ఇంచుమించుగా కట్టుకొని, పుస్తకమంతా చదివేసింది. ఆ ప్రొఫెసర్‌గారు నివ్వెరపోయి, పిల్లకి లెక్కలు చెప్పించి తీరాలని జనరల్‌గారికి నచ్చజెప్పారు.

మరి చెప్పించారు సరే, పై చదువు? రష్యాలో అప్పట్లో ఆడపిల్లలకి విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. పరదేశం వెళ్ళాలంటే తండ్రి అనుమతో భర్త అనుమతో వుండాలి. అందుకని 1868లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, వ్లదీమిర్ కొవలెవ్‌స్కీ అనే విద్యావంతుణ్ణి పేరుకి మాత్రం పెళ్ళి చేసుకొంది. చదువు కోసం చేసుకొన్న ఒప్పందం అది. మరుసటి సంవత్సరం జర్మనీలో హైడెల్‌బర్గ్ చేరింది. అక్కడ ఒక్కొక్క ప్రొఫెసర్‌నీ విడివిడిగా అడిగి, ఒప్పుకొన్నవాళ్ళ క్లాసుల్లో కూర్చొని విన్నది. ఆ తరవాత 1870లో బెర్లిన్‌కి వెళ్ళింది, వైయర్‌స్ట్రాస్ గారి దగ్గర చదవాలని.

ఎవరీ వైయర్‌స్ట్రాస్? మన పక్కింటి అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు ఈయన దగ్గరే వుంది. ఒకప్పుడు చిన్న ఊళ్ళల్లో బడిపంతులు. లెక్కలతోపాటు చేతివ్రాత, కసరత్తు కూడా నేర్పేవాడు. అలా పదేళ్ళకు పైగా గడిచాక, 1854లో ఒక వ్యాసం ప్రచురించేసరికి ఐరోపా అంతా ఆయనవైపు తిరిగి చూసింది. 1856లో బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చింది.

అప్పటికి లెక్కల్లో ఒక చిక్కుంది. న్యూటన్, లైబ్నిట్జ్‌ల కాలం నుంచీ 'అత్యంత సూక్ష్మమైన' రాశులు అంటూ కేలిక్యులస్ చేసేవారు. అవి సున్నా కావు, సున్నా కాకపోనూ లేదు! జవాబులు సరిగ్గానే వచ్చేవి, కాని ఎందుకు వస్తున్నాయో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయేవారు. ఫ్రాన్సులో కోషీ 1821లో ఒక పుస్తకం వ్రాసి కొంత దారికి తెచ్చాడు. మిగిలిన సందులన్నీ పూడ్చినవాడు వైయర్‌స్ట్రాస్.

ఆయన పద్ధతి ఏమిటో మన వంటింటి భాషలో చెప్పుకొందాం. ఒక బొబ్బట్టు వుందనుకోండి. సగం తిన్నారు. మిగిలినదాంట్లో సగం మళ్ళీ తిన్నారు. ఆ మిగిలినదాంట్లో మళ్ళీ సగం. అలా తింటూ పోతే బొబ్బట్టు మొత్తం అయిపోతుందా? "ఆఁ, అయినట్టే" అంటారు మీరు. 'అయినట్టే' అంటే ఏమిటి? అక్కడే వుంది కిటుకు. మీరు ఒక హద్దు చెప్పండి, ఎంత తునక మిగిలితే లెక్కలోకి తీసుకోరో. నూరో వంతా? సరే, ఏడోసారి తిన్నాక మిగిలేది 128వ వంతే, మీ హద్దులోపలే. వెయ్యో వంతా? పదోసారి తరవాత మిగిలేది 1024వ వంతు. లక్షో వంతన్నా సరే, పదిహేడోసారి తరవాత అంతకన్నా తక్కువే మిగులుతుంది. మీరు ఎంత చిన్న హద్దు పెట్టినా, నా దగ్గర జవాబు సిద్ధంగా వుందని చూపించగలగాలి. అలా చూపించడమే రుజువు. 'అత్యంత సూక్ష్మం' అన్న గాలిమాట ఇక అవసరం లేదు.

చూస్తే తెలిసిపోయేదానికి రుజువెందుకన్నది కదా ఆ పిల్ల! కన్ను మోసం చేస్తుంది కాబట్టి. మెలికముగ్గు మనం చెయ్యి ఎత్తకుండా వేస్తాం. అలా తెగకుండా సాగే గీతలో ఎక్కడో కొన్ని మలుపుల దగ్గర తప్ప, మిగతా అంతటా గీత ఎటు పోతోందో చెప్పొచ్చు గదా అని పెద్దపెద్దవాళ్ళే అనుకొన్నారు. సోన్యా ఆయన దగ్గర చదువుతున్న రోజుల్లోనే, 1872లో, వైయర్‌స్ట్రాస్ బెర్లిన్ అకాడమీలో ఒక గీతని చూపించాడు. అది ఎక్కడా తెగదు, కాని ఏ చుక్క దగ్గరా ఫలానా దిక్కుకి పోతోందని చెప్పలేం. ఎంత పెద్ద భూతద్దం పెట్టి చూసినా అందులో సాఫీ అయిన ముక్క కనిపించదు. బొమ్మ వేసి చూపించలేని గీత అది, రుజువుతోనే చూడాలి. అదండీ, ఈ చదువు సంగతి.

సోన్యా తన దగ్గరికి వచ్చినప్పుడు ఆయనకి యాభై అయిదేళ్ళు. పెళ్ళి లేదు, అక్కచెల్లెళ్ళతో వుండేవాడు. ఎలాగో వదిలించుకొందామనో ఏమో, పై తరగతి విద్యార్థులకి ఇచ్చే కష్టమైన లెక్కలు ఇచ్చి పంపించాడు. వారం తిరక్కుండా అన్నీ చేసుకొని వచ్చింది. జవాబులు సరిగ్గా వుండడమే కాదు, దారి కూడా ఆమె సొంతం. ఇక ఆయనే పూనుకొని, ఈమెని క్లాసులో కూర్చోనివ్వమని విశ్వవిద్యాలయాన్ని అడిగాడు. పెద్దలు ఒప్పుకోలేదు. రుజువు లేనిదే ఒక్క అడుగు వెయ్యకూడదని లోపల పాఠం చెబుతున్న చోట, ఆడది పాఠం వింటే ఏమి కొంప మునుగుతుందో ఎవరూ రుజువు చెయ్యలేదు!

అప్పుడాయన ఏం చేశాడనుకొన్నారు? క్లాసులో చెప్పిన పాఠం మొత్తం ఆమెకి ఇంట్లో మళ్ళీ చెప్పాడు. వారంలో ఒకరోజు ఆమె ఆయన ఇంటికి, ఒకరోజు ఆయన ఆమె బసకి. నడుమ కొన్ని ఆటంకాలు వచ్చినా, అలా నాలుగేళ్ళు గడిచాయి.

శిష్యురాలు గురువుగారు చెప్పినదానికల్లా తలవూపిందనుకోకండి. ఒక రకం సమీకరణాలకి జవాబుని అంతులేని వరసగా వ్రాస్తే, ఆ కూడిక మన బొబ్బట్టులాగ ఒక విలువకి చేరుతుందని ఆయన అనుకొనేవాడు. సోన్యా, వేడి ఒకచోటినుంచి ఇంకొకచోటికి ప్రాకే లెక్కని తీసుకొని, అక్కడ ఆ వరస దేనికీ చేరదని చూపించింది. ఎప్పుడు చేరుతుందో కూడా రుజువు చేసింది. గురువుగారు నొచ్చుకోలేదు, సంతోషించాడు. ఆ సిద్ధాంతం కోషీ పేరూ ఆమె పేరూ కలిపి ఇప్పటికీ విశ్వవిద్యాలయాల్లో చెబుతారు. 1874లో గోటింగెన్ విశ్వవిద్యాలయం ఆమె వ్రాసిన మూడు వ్యాసాలు చూసి, అత్యున్నత శ్రేణిలో డాక్టరేటు ఇచ్చింది. ఆధునిక కాలంలో ఐరోపాలో లెక్కల్లో డాక్టరేటు పొందిన మొదటి స్త్రీ ఆమే.

తరవాత అంతా పూలబాట అని చెబితే అబద్ధమవుతుంది. రష్యాకి తిరిగి వస్తే తగిన ఉద్యోగం లేదు. చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పే పని మాత్రం దొరకవచ్చన్నారు. పేరుకి చేసుకొన్న పెళ్ళి నిజం సంసారమైంది. 1878లో కూతురు పుట్టింది. ఆ సంవత్సరాల్లో గురువుగారి ఉత్తరాలకి చాలాకాలం జవాబు కూడా వ్రాయలేదు. సంసారంలో పడి చదివిన చదువు అటకెక్కడం మనకి తెలియని సంగతా? తరవాత మళ్ళీ లెక్కలు పట్టుకొంది. 1883లో భర్త అప్పులపాలై ప్రాణం తీసుకొన్నాడు. ఆ దుఃఖంలోనే స్టాక్‌హోమ్ నుంచి పిలుపు వచ్చింది. పిలిచిన మిట్టాగ్-లెఫ్లర్ కూడా వైయర్‌స్ట్రాస్ శిష్యుడే. అక్కడ 1884లో పాఠాలు మొదలుపెట్టి, 1889లో శాశ్వత ప్రొఫెసర్ అయింది. మధ్యలో 1888లో, బొంగరంలా ఒక బిందువు మీద తిరిగే వస్తువు గురించి చేసిన పనికి పారిస్ అకాడమీ బహుమతి వచ్చింది. పోటీకి వ్యాసం పేరు లేకుండా పంపాలి. పని ఎంత గొప్పగా వుందంటే, మూడువేల ఫ్రాంకుల బహుమతిని అయిదువేలు చేశారు. 1891 ఫిబ్రవరిలో జబ్బుచేసి పోయింది. నలభైయొక్కేళ్ళు. గురువుగారు ఆమె వ్రాసిన ఉత్తరాలన్నీ తగలబెట్టేశాడు.

బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలు అందరిలాగే విద్యార్థినులుగా పేరు నమోదు చేయించుకోగలిగింది 1908లో. అప్పటికి గురువూ లేడు, శిష్యురాలూ లేదు.

ఈ కథ విని పక్కింటి అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే పిన్నిగారూ, ఆ బొబ్బట్టు లెక్క మళ్ళీ చెప్పండి" అని కాగితం తీసింది. లక్షో వంతు దాకా నాతో వచ్చి, "ఇంతేనా! మా పుస్తకంలో ఇది గ్రీకు అక్షరాల్లో వుంది" అంది. ఆ రాత్రి వాళ్ళ ఇంట్లో దీపం చాలాసేపు వెలుగుతూనే వుంది.

మీ ఇంట్లో కూడా పిల్లలు "ఎందుకు?" అని అడుగుతూనే వుంటారు. పొయ్యిమీద పాలు పొంగేవేళకే వాళ్ళకి అనుమానాలన్నీ వస్తాయి, నిజమే. "చూస్తే తెలియడం లేదూ?" అని నోరు మూయించకండి. పాలు దింపి, రెండు నిమిషాలు వాళ్ళతో కూర్చోండి. జవాబు మనకి తెలియకపోయినా ఫరవాలేదు, కలిసి వెతకవచ్చు.