చక్కెర పేర్లు: గొట్టంలోకి దిగని తీపి

కేకుల మీద చక్కెర ముద్దతో పువ్వులూ, తీగలూ, జడలూ అల్లే విద్య ఇప్పుడు మన చిన్న పట్టణాలకు కూడా చేరింది. అందుకు వాడే పనిముట్టు ఒక సన్నని లోహపు గొట్టం. దాని మూతికి చిల్లుల బిళ్ళ, వెనుక నుంచి నెట్టడానికి ఒక కాడ. మెత్తని చక్కెర ముద్దను కూరి నెడితే బిళ్ళ ఆకారాన్ని బట్టి దారమో, పట్టీయో, తాడో బయటికి వస్తుంది. ఆంగ్లంలో దీనిని ఎక్స్‌ట్రూడర్ అంటారు. చూడగానే మనకు స్ఫురించేది మురుకుల గొట్టమే. గొట్టం మన వంటింట్లోనే ఉన్నది. చెరకు రసాన్ని చక్కెరగా గడ్డకట్టించే విద్యను లోకానికి నేర్పినదీ మన దేశమే. మరి ఈ రెండూ మన దగ్గర ఎందుకు కలవలేదు? ఈ ప్రశ్నకు జవాబు భైంసా అంగళ్ళలో హోలీ ముందు వేలాడే చక్కెర పేర్లలో ఉన్నదని నా అభిప్రాయం.

ఉత్తర తెలంగాణకు వెలుపలి మిత్రుల కోసం ఒక వివరణ. పేరు అంటే నామమే కాదు, హారం కూడా. ముత్యాల పేరు అన్న ప్రయోగం తెలిసినవారికి ఇది కొత్త కాదు. శిష్ట భాషలో దాదాపుగా కావ్యాలకూ నిఘంటువులకూ పరిమితమైన ఈ అర్థం మా వైపు మిఠాయి అంగట్లో సజీవంగా ఉన్నది. తెల్లని చక్కెర బిళ్ళలు దారానికి కూర్చినట్లుండే దండలే చక్కెర పేర్లు. హోలీకి బంధువులు వీటిని ఎండుకొబ్బరి కుడుకలతో పాటు పసిపిల్లల మెడలో వేస్తారు. పిల్లలు కొంతసేపు ధరిస్తారు, ఆ తరువాత కొరుక్కుతింటారు.

వీటినే మరాఠీవారు గాఠీ అంటారు. గుఢీ పాడ్వా నాడు గుఢీకి వేపరెమ్మలతో పాటు కడతారు. ‘ఇది మహారాష్ట్ర నుంచి వచ్చిన ఆచారం కదా’ అని తేల్చివేసేవారు ఉన్నారు. భైంసా చరిత్ర తెలిసినవారు అంత సులభంగా ఆ మాట అనలేరు. హైదరాబాదు రాష్ట్రంలో భైంసా నాందేడు జిల్లాలోని ముధోల్ తాలూకాకు చెందినది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీరు సర్కిళ్ళను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. అట్లా అవి ఆదిలాబాదు జిల్లాలో చేరి, 2016 అక్టోబరులో నిర్మల్ జిల్లాలోకి వచ్చాయి. ఇన్నిసార్లు గీత మారిన నేల మీద ఒక తీపి ఎవరిదని అడగడంలో అర్థం లేదు. పేర్లలో తేడా మాత్రం ఆసక్తికరమైనది. మరాఠీలో గాఠ్ అంటే ముడి. వారు ముడిని చూశారు, మనవారు హారాన్ని చూశారు. ఇద్దరూ పేరు పెట్టినది చక్కెరను చూసి కాదు, దారాన్ని చూసి.

తయారీలో కూడా దారానిదే ప్రధాన పాత్ర. చక్కెరను నీటిలో మరిగించి, కాసిన్ని పాలు పోసి, తేలిన మడ్డిని తీసివేస్తారు. పాకం చిక్కబడిన తరువాత గరిటెతో రుద్దుతారు. ఆ రాపిడికి సన్నని స్ఫటికాలు పుట్టి, తేటగా ఉన్న పాకం తెల్లగా మారుతుంది. ముందే నీటిలో నాన్చిన కొయ్య అచ్చులలో దారం పరచి, పాకాన్ని వేడిగా పోస్తారు. తడి ఉండటం వలన చక్కెర కొయ్యకు అంటుకోదు. కొద్ది నిమిషాలలో గడ్డకట్టి, దారాన్ని తనలో బిగించుకుంటుంది. పోయడం ఒక్క క్షణం ముందైతే బిళ్ళ తెల్లబడదు, ఆలస్యమైతే పాకం గిన్నెలోనే బిగుసుకుపోతుంది.

ఇక్కడే మన ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. మురుకుల పిండి గొట్టంలో నుంచి తెగకుండా రావడానికి కారణం తడిసిన పిండికి ఉండే పట్టు. చక్కెరకు ఆ గుణం లేదు. నీరు తగిలితే కరుగుతుంది, పాకమైతే పారుతుంది, ఆరితే రాయి అవుతుంది. దాని సంస్కృత నామం శర్కరకు మొదటి అర్థమే గులకరాయి, కంకర. ఆంగ్లంలోని షుగర్ ఆ మాట సంతతే. అటువంటి వస్తువును గొట్టంలో నెట్టాలంటే మెత్తగా పొడి చేసి, జిగురు కలిపి, ముద్దగా పిసకాలి.

ఐరోపా చేసినది అదే. 1555లో వెనిస్‌లో అలెస్సియో పియెమొంతేసె పేరిట అచ్చయిన రహస్యాల గ్రంథంలో ట్రాగకాంత్ అనే జిగురును పన్నీటిలో నానబెట్టి చక్కెరపొడితో ముద్ద చేసే విధానం ఉన్నది. ఆ ముద్దతో పళ్ళేలూ గిన్నెలూ చేసి, విందు ముగిశాక వాటినే తినవచ్చునట! ఆ జిగురు ఇరాన్, తుర్కీ ప్రాంతాల ముళ్ళపొదల నుంచి వచ్చేది. నేటి కేకుల చక్కెర ముద్ద ఆ వంశానిదే.

విశేషమేమిటంటే, జిగురుకు కూడా మనకు కొదవ లేదు. ఆదిలాబాదు అడవులలో తపసి చెట్లు ఉన్నాయి. వాటి బంకను గిరిజనులు సేకరిస్తారు, గిరిజన సహకార సంస్థ కొంటుంది. అంతర్జాతీయ వర్తకంలో దానికి కరాయా అని పేరు. ట్రాగకాంత్‌కు బదులుగా వాడినందున భారతీయ ట్రాగకాంత్ అని కూడా పిలిచారు. అడవిలో జిగురు, వంటింట్లో గొట్టం, 1937లో నెలకొని 2015 డిసెంబరులో మూతపడే దాకా గోదావరికి ఆవల బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం. అన్నీ ఉన్నాయి. లేనిది అవసరం ఒక్కటే. రాజుల విందుబల్ల మీద చూపడానికి చేసే చక్కెర చాలాకాలం నిలవాలి, సున్నితమైన రూపాలు పొందాలి. పసిబిడ్డ మెడలో వేసే చక్కెర చవకగా, త్వరగా, వందల కొద్దీ తయారు కావాలి, ఆ పూటకే కరిగిపోవాలి. మొదటిదానికి జిగురూ గొట్టమూ కావాలి. రెండవదానికి అచ్చూ దారమూ చాలు.

కనుక గొట్టపు విద్యను పరాయిదని నేను తోసిపుచ్చను. నేర్చుకోదగిన పని అది. అయితే అది ఎక్కడ కావాలన్నా కొనగలిగే పనిముట్టు. పేర్ల అచ్చు అట్లా దొరికేది కాదు. కొయ్యలో గుంటలు తొలిచే వడ్రంగి, పాకం తెల్లబడే క్షణాన్ని కంటితో పట్టే పనివాడు, హోలీకి కొనే ఇల్లు, ఈ మూడూ ఉన్నంతకాలమే అది ఉంటుంది. అది పోతే పోయేది ఒక మిఠాయి మాత్రమే కాదు. ‘పేరు’ అన్న మాటకు హారమనే అర్థం పిల్లల నోట పలికే చోటు కూడా పోతుంది. ఈసారి హోలీకి భైంసా వైపు వెళ్ళే మిత్రులు ఒక పేరు కొనండి, పిల్లలకు ఆ మాట చెప్పి మరీ మెడలో వేయండి.