పంటి పక్కన రబ్బరు

ఆమడగూరులో కుక్కరు ఈల వేయకుండా మూత పక్కనుంచి ఆవిరి చిమ్మితే, పొయ్యి దగ్గరున్నవాళ్లు అనేది ఒకటే: "రబ్బరు పోయినట్టుంది, కొత్తది తెచ్చుకోవల్ల." పళ్ల డాక్టరు గదిలోనూ రబ్బరుకు ఇదే తిప్పలు.

ఆ గదిలోకి రబ్బరు ముందొచ్చింది, ఆవిరి తర్వాతొచ్చింది. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు నిలదొక్కుకుంటుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుక్కున్నాడు. గంధకం పాలు పెంచితే రాయిలా గట్టిపడుతుంది. కట్టుడుపళ్లకు చిగుళ్లు దాంతోనే చేశారు. ఆ చిగుళ్ల పేటెంటు పట్టుకున్న కంపెనీ లైసెన్సు సొమ్ము కోసం అమెరికా డాక్టర్లను కోర్టులకీడ్చింది. చివరికి 1879లో కంపెనీ మనిషి జోసయా బేకన్‌ను ఒక పళ్ల డాక్టరే కాల్చి చంపాడు. న్యూయార్కు డాక్టరు శాన్‌ఫర్డ్ బార్నమ్ దారి వేరు. 1864లో, ఉమ్మి తగలకుండా పల్చని రబ్బరు రేకుకు చిల్లుపెట్టి పంటికి తొడిగాడు. ఉపాయం అందరికీ ఊరికే చెప్పేశాడు. రబ్బరు చిగుళ్లను అక్రిలిక్ ఎప్పుడో తోసేసింది. బార్నమ్ రేకు మాత్రం రూట్ కెనాల్‌లో ఇప్పటికీ ఉంది.

బేకన్ పోయిన ఏడాదే ఫ్రాన్సులో చాంబర్లాండ్ అనే శాస్త్రవేత్త, పనిముట్లను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ చేశాడు. కుక్కరుకు అన్నలాంటిది: 121 డిగ్రీల్లో 15 నిమిషాలు, 134 అయితే 3 నిమిషాలు. స్టీలుకు లెక్కలేదు. నోరు మూతపడకుండా దవడల మధ్య పెట్టే రబ్బరు దిమ్మ సంగతే కష్టం. ఒకరి నోట్లోంచి తీసి, కడిగి, ఆవిరి పట్టి, మరొకరికి పెట్టాలి. సహజ రబ్బరు సాగుతుంది, తొందరగా చిరగదు. కానీ దాని అణువు పొడవునా ఉన్న జంట బంధాల మీద వేడీ ఆక్సిజనూ కలిసి దాడిచేస్తాయి. కారు తలుపుల అంచున ఉండే ఈపీడీఎం రబ్బరుకు వెన్నులో ఆ బంధాలుండవు, ఆవిరికి ఓర్చుకుంటుంది. రెండూ కలపడం అందుకే.

కలపడం తేలికే, గంధకంతో ఉడికించడమే కష్టం. గంధకం సహజ రబ్బరు వైపే ఎగబడుతుంది. బియ్యం మెత్తబడి పప్పు పలుకుగా మిగిలినట్టు రెండోది పచ్చిగా ఉండిపోతుంది. కాబట్టి పరీక్ష తప్పదు. నడుము సన్నంగా కోసిన ముక్కను ఆవిరి పట్టకముందు, పట్టాక తెగేదాకా లాగుతారు. బిళ్లను నాలుగో వంతు నొక్కి వేడిలో ఉంచి, వదిలాక మందం కొలుస్తారు. నాకైతే దిమ్మకు ఈ రెండోదే అసలు పరీక్ష: అణిగినది లేవకపోతే అది దిమ్మే కాదు.

బెలూను ఊదితే పెదవులు దురద పెట్టే వాళ్లుంటే, కుర్చీ ఎక్కకముందే డాక్టరుకు చెప్పండి. కలిపినదాంట్లోనూ సహజ రబ్బరు ఉంటుంది.