చలి మూడుసార్లు చెప్పింది

"ఇంట్లో మూడ్రోజులకి సరిపడా నీళ్ళు, తిండి, టార్చిలైటు, దుప్పట్లు పెట్టుకోండి" .. చలి తుఫాను వస్తోందంటే అమెరికాలో ఇంటింటికీ చెప్పే మాట ఇది. మంచి మాటే. కానీ ఇల్లు ఎంత సిద్ధంగా ఉన్నా, ఇంటికొచ్చే కరెంటు సిద్ధంగా లేకపోతే? దీనికి జవాబు 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో దొరికింది. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో ఉన్న మన తెలుగువాళ్ళు చాలామందికి అది స్వానుభవం కూడా.

టెక్సస్ ఇళ్ళు ఎండల కోసం కట్టినవి. చాలా ఇళ్ళల్లో నీళ్ళ పైపులు అటక మీదో, బయటి గోడల్లోనో ఉంటాయి. సగానికి పైగా ఇళ్ళకి వేడి కూడా కరెంటుతోనే. అంటే కరెంటు పోతే వేడీ పోతుంది, వేడి పోతే పైపులు పగిలి నీళ్ళూ పోతాయి. అదే జరిగింది.

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున విద్యుత్ కేంద్రాలు ఒక్కొక్కటే గడ్డకట్టి ఆగిపోతుంటే, గ్రిడ్ నడిపే ఎర్కాట్ సంస్థ కోతలు మొదలుపెట్టింది. 60 హెర్ట్జ్ ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ 59.4 కిందకి జారింది. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే ఉంటే గ్రిడ్ మొత్తం కూలిపోయేది. కోత 20,000 మెగావాట్లకి చేరింది. వంతులవారీ కోత అన్నారు గానీ, ఆసుపత్రుల్లాంటివి ఉన్న లైన్లు తీయకూడదు కాబట్టి వంతు మారడానికి లైన్లే మిగల్లేదు. కొన్ని ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు.

ఇంకో విచిత్రం. కరెంటు తయారుకి గ్యాస్ కావాలి, గ్యాస్ తోడి పంపడానికి కరెంటు కావాలి. ఆ గ్యాస్ పరికరాలకే కొన్నిచోట్ల కరెంటు కోశారు! మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్ని డెడ్‌లాక్ అంటారు.

ఎవరూ ఊహించలేదు అన్నారు పెద్దలు. నేనొప్పుకోను. 1989 డిసెంబర్‌లో ఇలాగే కేంద్రాలు గడ్డకట్టి కోతలు వచ్చాయి, జాగ్రత్తలు రాసిచ్చారు. 2011 ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చాయి, 32 లక్షల కనెక్షన్లకి దెబ్బ. అప్పటి ఫెడరల్ నివేదిక 1989 నాటి సలహాలు గాలికి పోయాయని చెప్పి, మళ్ళీ అవే సలహాలు ఇచ్చింది. కానీ పాటించడం ఎవరిష్టం వారిది. బగ్ తెలుసు, ఫిక్స్ తెలుసు, చేయమని ఎవర్నీ అడగలేదు. చేయించే చట్టం 2021లో, అధికారిక లెక్కల్లోనే 246 మంది పోయాక వచ్చింది.

అదే రాష్ట్రంలో ఎల్ పాసో సంగతి చూడండి. 2011లో అక్కడా కేంద్రాలు గడ్డకట్టాయి. తర్వాత అక్కడి కంపెనీ డబ్బు ఖర్చుపెట్టి వాటిని చలికి తట్టుకునేలా చేసుకుంది. 2021లో ఆ ఊరు పెద్దగా చీకటి చూడలేదు. అది ఎర్కాట్‌లో కాకుండా పశ్చిమ రాష్ట్రాల గ్రిడ్‌లో ఉండడం కూడా కలిసొచ్చింది, నిజమే. కానీ నేర్చుకున్న పాఠం నేర్చుకున్నదే.

ఇంటివాళ్ళు చేయాల్సింది లేదనడం లేదు. చలి వచ్చే ముందు కుళాయి సన్నగా కారేలా వదలండి, మెయిన్ వాల్వు ఎక్కడుందో తెలుసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, బొగ్గుల పొయ్యి గానీ జనరేటర్ గానీ ఇంట్లో పెట్టొద్దు, గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చోవద్దు. ఆ నాలుగు రోజుల్లో చలికి తాళలేక ఇవి చేసి కొందరు కార్బన్ మోనాక్సైడ్‌కి బలయ్యారు. తలుపులేసుకుని కుంపటి పెట్టుకోవడం మన ఊళ్ళలోనూ ప్రాణాలు తీసేదే. దానికి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు.

కాకపోతే ఆ 246 మందిలో ఎక్కువమంది పోయింది చలికే. వాళ్ళని అడిగితే దుప్పట్లు లేక కాదనేవారేమో. ఇంటికి చెక్‌లిస్టు ఇచ్చేవాళ్ళు తమ చెక్‌లిస్టు కూడా చూపించాలి, అడగడం మన హక్కు. మీరేమంటారు?