కలివికోడి

మా రాజాం వైపు వానాకాలంలో వాక్కాయ పప్పు తిననివారు తక్కువ. ఆ వాక్కాయ జాతి ముళ్లపొదకే కడప జిల్లాలో కలివి అని పేరు. ఆ పొదల మధ్య తిరిగే పిట్ట కాబట్టి దీని పేరు కలివికోడి. నిజానికి కోడి జాతి కాదు. నేల మీద పరుగెత్తే పిట్ట కావడంతో నీటికోడిలాగే దీనికీ కోడి తోక తగిలింది. ఎక్కడ వెతకాలో పేరులోనే చెప్పిన ఆ పల్లె జనం చూపు గొప్పది.

ఇంగ్లీషు పేరు జెర్డాన్స్ కోర్సర్. 1848లో దీన్ని లోకానికి తెలిపిన సైనిక వైద్యుడు జెర్డాన్ పేరది. 1900 తర్వాత జాడ లేక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర స్థానికుడు ఐతన్న రాత్రివేళ టార్చి వెలుగులో ఒకదాన్ని పట్టుకున్నాడు. పండితులు చేతులెత్తేసిన చోట ఊరి మనిషి గెలిచాడు. ఆ తర్వాతే ఈ పిట్ట రక్షణకు లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మళ్లింది.

గుర్తుపట్టడం ఇలా: పెద్ద కళ్లు, కంటిపై తెల్లని చార, గొంతు మీద ఇటుకరంగు మచ్చ, రొమ్మున రెండు గోధుమరంగు పట్టీలు. పగలు కనిపించదు. అందుకే పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక మూడు వేళ్ల అడుగుల కోసం వెతికేవారు. మునిమాపువేళ జంట స్వరాల కూతకు చెవొగ్గేవారు. పొదలు మరీ దట్టమైనా, పూర్తిగా కొట్టేసినా అక్కడ ఇది ఉండదు.