గొర్రెల మేతలో కొవ్వు

గొర్రె మేసే గడ్డిలో, ఆకుల్లో కొవ్వు చాలా తక్కువ. తేమ తీసేసి లెక్కిస్తే 2, 3 శాతం. నూనె, తవుడు, చెక్క, కొవ్వు పొడి వంటివి కలిపి దీన్ని పెంచితే మేత బలం పెరుగుతుంది. గ్రాము కొవ్వులో గ్రాము పిండిపదార్థానికి రెట్టింపు పైగా శక్తి ఉంది మరి. మోతాదు మించితే మాత్రం ఆ కొవ్వే గడ్డిని అరగనివ్వదు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఉత్తరాంధ్రలో వరికోతలయ్యాక మందలు మోళ్ల మీద పడతాయి. ఎండాకాలంలో అవీ ఉండవు. అప్పుడు ఆదుకునేవి తవుడు, చెక్క. కొవ్వు పెడుతున్నామని ఎవరూ అనుకోలేదు గానీ, గానుగ ఆడిన వేరుశనగ చెక్కలో ఏడెనిమిది శాతం నూనె మిగిలే ఉండేది. ద్రావకంతో నూనె తీసే కర్మాగారాలు వచ్చాక చెక్కలో మిగిలేది ఒక శాతమే. మాంసకృత్తులు దక్కాయి, నూనె పోయింది.

గొర్రె కడుపులో కొవ్వుకు జరిగేదాన్ని శాస్త్రం ఆలస్యంగా పట్టుకుంది. మాంసం కూర చల్లారితే పైన కొవ్వు తెల్లగా గడ్డకడుతుంది. పచ్చిగడ్డిలోని కొవ్వు ఆమ్లాలేమో ద్రవంగా ఉండే రకం. ఈ మార్పు రూమెన్ అనే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవుల పని అని 1951లో రేమండ్ రైజర్ ప్రయోగం సూచించింది. 1955లో న్యూజిలాండ్‌లో షార్లాండ్ బృందం దాన్ని బలపరిచింది. ఆ సూక్ష్మజీవులకు ద్రవరూప కొవ్వు ఆమ్లాలు విషంతో సమానం. వాటిని హైడ్రోజన్‌తో నింపి గట్టిపరచడం ఒకరకంగా ఆత్మరక్షణే.

నూనె ఎక్కువైతే ఆ రక్షణ చాలదు. పీచును విరిచే బ్యాక్టీరియా దెబ్బతింటుంది, మేత తగ్గుతుంది, పెంటికలు పలచబడతాయి. మొక్కజొన్న నూనె, పందికొవ్వు కలిపితే గొర్రె రూమెన్ సూక్ష్మజీవులు సెల్యులోజును సరిగా విరవలేవని 1954లోనే అమెరికా పరిశోధకులు చూపారు. లూసర్న్ అనే పశుగ్రాసం బూడిద చేర్చితే ఆ నష్టం తగ్గింది. బూడిదలోని కాల్షియం వంటి ఖనిజాలు కొవ్వు ఆమ్లాలను కట్టిపడేస్తాయన్న ఆలోచనకు ఇది దారి. 1960లలో స్కాట్లాండ్‌లోని హాన్నా సంస్థలో బ్లాక్స్‌టర్, చెర్కావ్‌స్కీ గొర్రెలకు కొవ్వు ఆమ్లాలిస్తే మీథేన్ తగ్గుతుందని కనుగొన్నారు. మీథేన్ భూమిని వేడెక్కిస్తుందన్న వాతావరణ చర్చతో ఆ పాత పరిశోధనకు కొత్త గిరాకీ వచ్చింది.

కొవ్వును రూమెన్ దాటించే ఉపాయాల్లో మొదటిది ఆస్ట్రేలియాది. 1970ల తొలినాళ్లలో టి.డబ్ల్యు. స్కాట్ బృందం నూనె బిందువులకు ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరచిన కేసిన్ తొడుగు వేసింది. వాడుకలో నిలిచింది మాత్రం 1980లలో ఒహాయోలో జెంకిన్స్, పామ్‌క్విస్ట్ అధ్యయనం చేసిన కొవ్వు ఆమ్లాల కాల్షియం లవణం. ఒకరకంగా అది సబ్బే. రూమెన్‌లో కరగదు, ఆమ్లం ఎక్కువగా ఉండే నాలుగో పొట్టలో విడిపోతుంది. మన దాణా కొట్లలో బైపాస్ ఫ్యాట్ పేరుతో దొరికే రకాల్లో ఇదొకటి. దీనికి పామాయిల్ కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా వాడతారు.

విశాఖ వంటి చోట్ల మాంసం కోసం పొట్టేళ్లను కట్టేసి మేపేవారికి లెక్క సులువు. రోజుకు కిలో ఎండు మేత తినే పొట్టేలుకు మొత్తం కొవ్వు 50, 60 గ్రాములు దాటకూడదు. మేతలోనే సగం పోగా విడి నూనెకు మిగిలేది 25, 30 గ్రాములు. నూనె తీయని తవుడు పెడుతుంటే అదీ ఇందులోకే వస్తుంది, ఎందుకంటే అందులో 12 నుంచి 18 శాతం నూనె ఉంటుంది. పైగా అది కొద్దిరోజుల్లోనే ముక్కవాసన కొడుతుంది. అప్పుడు గొర్రె తొట్టి దగ్గరికొచ్చి మూతి తిప్పేసుకుంటుంది.