ఐడిల్ అనే మాట మన మీదికి ఎలా వచ్చింది?

పోస్టు కాస్త పెద్దదే. తీరిక చూసుకుని చదవండి.

ఈ మధ్య ఒక మీటింగులో ఒక పెద్దమనిషి మాట్లాడుతూ, మీ వాళ్లు తరతరాలుగా ఐడిల్‌గా కూర్చోవడం వల్లే వెనకబడ్డారు అన్నాడు. మేమంతా చప్పట్లు కూడా కొట్టాం. రాత్రి పడుకున్నాక గానీ ఆ మాట గుచ్చుకోలేదు. మాది ఎరుకల కులం. మా అమ్మమ్మ తెల్లారకముందే లేచి ఈత పుల్లలు కోసుకొచ్చి బుట్టలు అల్లుతుంది, మిరప కోతలొస్తే కోతలకు పోతుంది. ఆమె ఐడిల్‌గా కూర్చోగా నేను చూడలేదు. మరి ఈ మాట ఎక్కడిది అని వెతకడం మొదలుపెట్టాను.

ముందు మాట సంగతి. పాత ఇంగ్లీషులో ఐడిల్ అంటే బద్ధకం కాదు, ఖాళీ అని అర్థం. వెయ్యేళ్ల కిందట బైబిలు మొదటి పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చినప్పుడు, సృష్టి మొదట్లో భూమి శూన్యంగా ఉంది అని చెప్పడానికి ఈ మాటే వాడారు. భూమికి బద్ధకం ఏముంటుంది? తర్వాత తర్వాత పనికిరానిది, పనిలేనిది, పని చెయ్యనివాడు అని అర్థం జరుగుతూ వచ్చింది. మనకూ ఇలాంటి మాటే ఉంది. ఏం చేస్తున్నావురా అంటే ఖాళీగా ఉన్నా అంటాం. అది ఉర్దూ నుంచి వచ్చిన మాట, దానికీ అసలు అర్థం శూన్యమే. కాకపోతే మన ఖాళీలో తిట్టు లేదు. తిట్టాలంటే సోమరి అంటాం. ఇంగ్లీషువాళ్లు రెండూ ఒకే మాటలో కలిపేశారు.

బైకు మెకానిక్కులు వాడే ఐడ్లింగు వేరే. బండి కదలదు గానీ ఇంజను తిరుగుతూనే ఉంటుంది, పెట్రోలు కాలుతూనే ఉంటుంది. పొద్దున్నే కూలీల అడ్డా మీద మేస్త్రీ కోసం నిలబడే మనవాళ్లను చూస్తే నాకు ఈ అర్థమే గుర్తొస్తుంది.

తిట్టు చట్టంలోకి ఎక్కడం అసలు కథ. ఇంగ్లండులో 1824లో దేశదిమ్మరుల చట్టం వచ్చింది. అందులో ఐడిల్ అండ్ డిసార్డర్లీ అని ఒక తరగతి పెట్టారు, అంటే పనిలేక అల్లరిగా తిరిగేవాళ్లు అని. ఆ తరగతిలో ఎవరున్నారో చూడండి. అడుక్కునేవాళ్లు ఉన్నారు, సరే. లైసెన్సు లేకుండా ఊరూరా తిరిగి చిన్న చిన్న సరుకులు అమ్ముకునేవాళ్లు కూడా ఉన్నారు! నెత్తిన మూట పెట్టుకుని రోజంతా నడిచేవాడు పనిలేనివాడు ఎట్లా అయ్యాడు? ఒకచోట ఉండడు, ఒక యజమాని కింద చెయ్యడు, అందుకని. అక్కడి పేదల మీద మొదలైన ఈ చూపే ఓడెక్కి మన దగ్గరికి వచ్చింది.

ఇప్పుడు మన పేర్లు చూద్దాం. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, కుంచె ఎరుకల. ప్రతి పేరులో ఒక పని ఉంది. కుంచె అంటే బొమ్మలేసే కుంచె అనుకునేరు, సాలెవాళ్లు పడుగుకు గంజి పట్టించే పెద్ద కుంచె. అది లేకపోతే మగ్గం నడవదు. ఉప్పు ఎరుకలవాళ్లు సముద్రం ఒడ్డు నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని లోపలి ఊళ్లకు వచ్చి, ధాన్యానికి మార్చుకుని పోయేవాళ్లు. సుగాలీ అన్నల పూర్వీకులు ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున, ఎద్దుల మందలతో చేశారు. సైన్యాలకు తిండిగింజలు మోసింది కూడా వాళ్లే.

ఈ పని ఎవరు తీసేశారు? 1805లో కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చాయి, ఎద్దు మీద ఉప్పుకు గిరాకీ పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురుకు, ఈతకు, మేతకు అడ్డం పడ్డది. (మన పల్నాడులో పుల్లరి మీద పోరాడి 1922లో చనిపోయిన కన్నెగంటి హనుమంతు కథ అందరికీ తెలుసు. ఆ పుల్లరి మేత పన్నే. మందలు తోలుకునే సుగాలీలకు, అడవి మీద బతికే చెంచులకు అదే చట్టం ఎంత తగిలి ఉంటుందో మాత్రం పెద్దగా ఎవరూ రాయలేదు.)

పని తీసేసి, తర్వాత పని లేదని నేరం మోపారు. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. స్థిరనివాసం లేని తెగను ఈ చట్టం కిందికి తేవాలంటే ప్రభుత్వం ఒక రిపోర్టు రాయాలి. వాళ్లకు న్యాయమైన వృత్తి ఏదైనా ఉందా, ఉంటే అది నిజమైన వృత్తేనా, లేక నేరాలు చెయ్యడానికి వేసుకున్న నాటకమా అని అందులో చెప్పాలి. నేను ఈ ముక్క రెండుసార్లు చదివాను. పని చెయ్యకపోతే సోమరి, చేస్తే నాటకం. ఇది అమ్మమ్మకు చెప్తే నవ్వి, "నాటకం బుట్టయితే దాంట్లో వడ్లు ఎట్టా ఆగినయ్ రా?" అంది.

1911లో చట్టాన్ని మార్చి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు దానికి. కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇంకొకటి. కష్టపడటం నేర్పిస్తాం అన్నారు. ఆ నేర్పడంలో భాగంగా మనవాళ్లను చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలికి పంపారు. కంపెనీకి తక్కువలో కూలీలు దొరికారు. తిరిగి అమ్ముకున్నన్నాళ్లూ ఐడిల్ అన్నవాళ్లు, ఒకరి గేటు లోపల నిలబడ్డాక కష్టజీవులు అన్నారు. నాకర్థమైనంతలో తేడా పనిలో లేదు, గేటులో ఉంది. అక్కడ చదువు, వైద్యం దొరికాయి అని చెప్పే పెద్దలు కూడా ఉన్నారు, అదీ కొట్టిపారెయ్యలేను. కానీ పాసు లేకుండా చుట్టాల పెళ్లికి పోలేని చోట దొరికిన బడి అది.

మద్రాసులో 1947లో ఈ చట్టం రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. ఆ మధ్యలోనే, 1948లో, మద్రాసు ప్రభుత్వం అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. తెగ పేరు తీసి మనిషి పేరు పెట్టారు. ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఎవరింటి తలుపు కొడతారో గ్రూపులో సగం మందికి నేను చెప్పక్కర్లేదు.

ఆ మీటింగులో చప్పట్లు కొట్టినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ పెద్దమనిషి మళ్లీ వస్తే కరివేపాకు ఎరుకల, కుంచె ఎరుకల అనే పేర్లకు అర్థం అడుగుదామనుకుంటున్నా.

ఒక పని పెట్టుకుందాం. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి తండాల్లో ఉన్నవాళ్లు ఇంట్లో ముసలివాళ్లను అడగండి. మీ తాతలు ఎద్దుల మీద ఏ సరుకు వేసేవాళ్లు, ఏ దారిన పోయేవాళ్లు, ఎక్కడ దిగేవాళ్లు. చెంచు, యానాది తమ్ముళ్లు కూడా మీ వైపు పనుల పేర్లు రాయండి. పేరు మీ భాషలో ఎట్లా పలుకుతారో అట్లాగే కింద పెట్టండి. అమ్మమ్మ దగ్గర నేను ఇప్పటికి పదకొండు రకాల బుట్టల పేర్లు రాసుకున్నా, ఆదివారం పోస్టు చేస్తా.