నీరసించిన ఫ్లిప్పర్

మంట దగ్గరికి జరగండర్రా, చెబుతాను. ఇవాళ ఆటల హాల్లో మీరు ఆడిన పిన్‌బాల్ మిషన్ ఉందే, దాని ఎడమ ఫ్లిప్పర్ బంతిని పైదాకా కొట్టలేకపోయింది. పెద్దాడు "నాకు చేతకాదులే తాతయ్యా" అనేసి వచ్చేశాడు. చేతకానిది వాడికి కాదు. ఆ మిషన్‌లో బలం ఎక్కడో కారిపోతోంది.

ఎనభైల మొదట్లో నేను చికాగోలో ఉన్నాను. పగలు ఉద్యోగం, సాయంత్రాలు ఒక ముసలి మెకానిక్ వెంట పని. మనసులో ఆయన్ని మేస్త్రీ అనే పిలుచుకునేవాణ్ణి. బార్లు, బౌలింగ్ హాళ్ళు, ఎక్కడ చూసినా పిన్‌బాల్ మిషన్లే. గాట్లీబ్, బాలీ, విలియమ్స్, స్టెర్న్ అన్నీ ఆ చుట్టుపక్కల కంపెనీలే మరి.

తొలిరోజుల మిషన్లకు ఫ్లిప్పర్లే లేవని మేస్త్రీ చెప్పేవాడు. బంతిని వదలడం, అది మేకుల మధ్య దొర్లుతుంటే చూస్తూ నిలబడడం, మహా అయితే బల్లను కాస్త కుదపడం. ఎక్కడ పడుతుందో అదృష్టం. అందుకే దాన్ని జూదం కింద కట్టి 1942లో న్యూయార్క్ నగరం నిషేధించింది. మేయర్ లాగార్డియా కాలం అది. పోలీసులు మిషన్లను సమ్మెటలతో పగలగొట్టారు. 1947లో గాట్లీబ్ వాళ్ళు 'హంప్టీ డంప్టీ' అనే మిషన్ తెచ్చారు. హ్యారీ మాబ్స్ దానికి ఆరు ఫ్లిప్పర్లు పెట్టాడు. కిందికి జారిపోయే బంతిని మళ్ళీ పైకి కొట్టే అవకాశం ఆటగాడి వేళ్ళకు అప్పుడొచ్చింది. అయినా న్యూయార్క్‌లో నిషేధం పోవడానికి 1976 దాకా పట్టింది. ఆ ఏడు రోజర్ షార్ప్ అనే ఆయన నగర సభ పెద్దల ముందు ఆడి, బంతి ఏ సందులోకి పోతుందో ముందే చెప్పి, అందులోకే పంపి చూపించాడు. ఇది నేర్పుతో ఆడే ఆటేనని వాళ్ళు ఒప్పుకున్నారు.

ఈ కథంతా చెప్పి మేస్త్రీ ఒక మాట అనేవాడు: "ఫ్లిప్పర్ నీరసించిన మిషన్ మళ్ళీ జూదమే అబ్బాయ్. ఆడేవాడి డబ్బులు తీసుకుని వాడి నేర్పుకు చోటివ్వకపోతే అది మోసం." నా మనసులో నాటుకున్న మాట అది.

ఇక ఫ్లిప్పర్‌కు బలం ఎక్కడినుంచి వస్తుందో వినండి. బంతి 80 గ్రాముల ఉక్కు, బల్ల వాలు సుమారు 6.5 డిగ్రీలు. బల్ల అడుగున ఫ్లిప్పర్‌కు ఒక కాయిల్ ఉంటుంది. ఆ రోజుల మిషన్లలో అందులో రెండు చుట్లు: లావు తీగది ఒకటి, సన్న తీగది ఒకటి. బటన్ నొక్కగానే లావు తీగలో కరెంటు ఉరికి, ఇనుప ప్లంజర్‌ను లోపలికి లాగుతుంది, ఫ్లిప్పర్ లేస్తుంది. పూర్తిగా లేచిన క్షణంలో చివరనున్న చిన్న స్విచ్ తెరుచుకుంటుంది. అక్కణ్ణుంచి కరెంటు సన్న తీగలోంచి కూడా పోవాలి కాబట్టి బాగా తగ్గిపోతుంది. ఫ్లిప్పర్‌ను లేపి ఉంచడానికి అంతే చాలు. ఆ స్విచ్ తెరుచుకోకపోతే కాయిల్ కాలిపోతుంది. ముందే తెరుచుకున్నా, దాని కాంటాక్టులు నల్లబడినా దెబ్బలో పస ఉండదు.

మేస్త్రీ స్క్రూడ్రైవర్ తీసేముందు ఒకటే అడిగేవాడు: "ఒక్కటే నీరసించిందా, రెండూనా?" రెండూ అయితే వాటికి కరెంటు వచ్చే దారి చూడాలి: ఫ్యూజు క్లిప్పులు, కనెక్టర్లు, రెక్టిఫయర్. ఒక్కటే అయితే జబ్బు దానిలోనే. అప్పుడు మిషన్ ఆపి, ప్లగ్ పీకి, చేత్తో ఫ్లిప్పర్‌ను నెమ్మదిగా లేపి దించేవాడు. ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ వదులుందో వేళ్ళకే తెలిసేది. ఏళ్ళ తరబడి గుద్దుకుని గుద్దుకుని ప్లంజర్ కొస నలిగి, అంచులు బయటికి విచ్చుకుంటాయి. అవి ప్లంజర్ జారే నైలాన్ స్లీవ్‌ను లోపల గీరుతాయి. ప్లంజర్‌ను ఫ్లిప్పర్‌కు కలిపే లింకు బెజ్జం అరిగి కోలగా అవుతుంది. ప్లంజర్ కదలికలో కొంత అక్కడే వృథా. ఫ్లిప్పర్ మరీ కిందికి బిగిస్తే బల్ల మీది బుషింగ్‌కు రాసుకుంటుంది. స్లీవ్ మారిస్తే పోయేదానికి నూనె పోసేవాళ్ళు కొందరు; నూనెకు దుమ్ము పట్టి జిడ్డు గట్టి ఇంకా బిగిసేది. ఆయన ఏనాడూ నూనె ముట్టనివ్వలేదు. చివరి స్విచ్‌వీ బటన్‌వీ టంగ్‌స్టన్ కాంటాక్టులు. వాటిని ఆకురాయితో సాపు చేసేవాడు. బంగారు పూత ఉన్న సన్న కాంటాక్టులకు మాత్రం ఆకురాయి తగలకూడదు, శుభ్రమైన విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి లాగితే చాలు.

మొదట బాగా ఆడి, గంట గడిచాక నీరసించే మిషన్లూ ఉండేవి. వేడెక్కిన రాగి తీగ కరెంటును ఎక్కువ అడ్డుకుంటుంది, దెబ్బ తగ్గుతుంది. అలాంటప్పుడు కాయిల్ అంతగా ఎందుకు వేడెక్కుతోందో వెతకాలి. చాలాసార్లు స్విచ్ సరిగ్గా తెరుచుకోకపోవడమో, ప్లంజర్ రాసుకోవడమో కారణం.

ఒక బారు యజమాని ఈ వెతుకులాట ఎందుకని ఇంకా బలమైన కాయిల్ వేయించాడు. ఇరుసు పట్టేసిన బండికి ఇంకో జత ఎడ్లను కట్టినట్టయింది. కొన్నాళ్ళకు లింకు విరిగింది, బంతి వేగానికి టార్గెట్లు పగిలాయి. మేము వెళ్ళి పాత రకం కాయిలే మళ్ళీ బిగించి, స్లీవ్, ప్లంజర్, లింకు కొత్తవి వేశాం. బంతి ర్యాంపు ఎక్కి అవతలికి దిగింది.

1992 నుంచి విలియమ్స్ వాళ్ళ మిషన్లలో ఫ్లిప్పర్‌ను కంప్యూటరే నడిపించడం మొదలైంది. చివరి స్విచ్ ఇప్పుడు కరెంటు మోయదు, ఫ్లిప్పర్ లేచిందని కబురు మాత్రం చెబుతుంది. కానీ ప్లంజర్, స్లీవ్, లింకు అలాగే ఉన్నాయి, అలాగే అరుగుతాయి.

రేపు మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ హాలు వాళ్ళకు ఎడమ ఫ్లిప్పర్ సంగతి చెప్పండి. సిగ్గుపడకండి. మిషన్ నడిపేవాడు ఆటగాడికి సరైన ఆట బాకీ ఉంటాడు. ముందుముందు మీ చేతికి ఏ మిషన్ వచ్చినా, బలం చాలడం లేదని బలం పెంచకండి. ఉన్న బలం ఎక్కడ పోతోందో వెతకండి.